ఎలక్ట్రీషియన్ల సంఘంలో చేరాలా? మూడేళ్ల సభ్యత్వం తర్వాత నా లెక్క

సంఘంలో చేరమని అడగడానికి వచ్చేవాళ్లు ముందు గుర్తింపు కార్డు చూపిస్తారు. ఫొటో, సంఘం ముద్ర, మెడలో వేసుకునే తాడు, వెనకవైపు అధ్యక్ష కార్యదర్శుల నంబర్లు. ఆ కార్డును చూసి మాత్రం చేరకండి. ఇళ్లకు వైరింగు చేసే నాలాంటివాళ్లకు మూడేళ్లలో నిజంగా అక్కరకొచ్చినవి వేరే ఉన్నాయి. వైరింగు కూలికి పాయింట్లు (లైటు, ఫ్యాను, ప్లగ్గు లాంటివి) ఎలా లెక్కపెట్టాలో రాసిన ఒక కాగితం. సంఘం బీరువాలో ఉండే, ఎర్తింగ్ సరిగా ఉందో లేదో కొలిచే ఎర్త్ టెస్టరు. ఆగిపోయిన డబ్బు గురించి ఇంటాయనతో కూర్చుని మాట్లాడే ఇద్దరు పెద్దమనుషులు. ఈ మూడూ ఉన్న సంఘమైతే చందా దండగ కాదు. లేకపోతే ఏడాదికి వెయ్యి రూపాయలు పెట్టి తాడు కొనుక్కున్నట్టే.

చేరేముందు తెలుసుకోవాల్సింది, సంఘాలన్నీ ఒక రకం కావు. కొన్ని 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైనవి. ఏడుగురు కలిసి, నియమావళి రాసుకుని, జిల్లా రిజిస్ట్రారు దగ్గర నమోదు చేయించుకుంటే సొసైటీ అవుతుంది. కొన్ని కార్మిక శాఖలో నమోదైన ట్రేడ్ యూనియన్లు. బయట బోర్డు మీద రెండూ 'ఎలక్ట్రీషియన్ల సంఘం' అనే రాసుకుంటాయి. తేడా ఎక్కడ బయటపడుతుందంటే, భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు కోసం పని చేసినట్టు ధ్రువపత్రం కావాల్సి వచ్చినప్పుడు. యూనియన్ ఇచ్చిన పత్రానికి ఉండే విలువ సొసైటీ లెటర్‌హెడ్‌కు ఉండదు. కార్యదర్శి సంతకం, ముద్ర రెండూ ఉన్నా కాగితం వెనక్కి వస్తుంది. కాబట్టి మొదటి ప్రశ్న 'మీది సొసైటీనా, యూనియనా, నంబరెంత' అన్నది.

తర్వాత నియమావళి అడగాలి. నేను అడిగితే 'అది అధ్యక్షుడి ఇంట్లో ఉంది, కార్డు తీసుకో తమ్ముడూ, తర్వాత చూద్దువుగాని' అన్నారు. జెరాక్సు చేతికొచ్చాకే డబ్బు కడతానన్నాను, రెండ్రోజుల్లో వచ్చింది. అందులో ఉద్దేశాలు, ఆశయాల పేజీలు వదిలేసినా ఫరవాలేదు. చందా ఎన్ని నెలలు కట్టకపోతే సభ్యత్వం పోతుంది, పోయాక మళ్లీ చేరితే ప్రవేశ రుసుము మళ్లీ కట్టాలా, సంక్షేమ నిధి నుంచి డబ్బు ఇవ్వాలంటే ఎవరి సంతకాలు కావాలి, సభ్యుణ్ని తొలగించే ముందు సంజాయిషీ అడుగుతారా, ఈ నాలుగూ చదవండి. పోయిన ఏడాది జమాఖర్చుల కాగితం కూడా చూడండి. సొసైటీ అయితే ఏటా సర్వసభ్య సమావేశం జరిపి, కమిటీ జాబితాను రిజిస్ట్రారు దగ్గర దాఖలు చేయాలి. అది మానేసిన సంఘంలో కోశాధికారి మారిన రోజు బ్యాంకు కొత్త సంతకాలు ఒప్పుకోదు. నిధి ఖాతాలో ఉన్నా ఆసుపత్రి ఖర్చుకు అక్కరపడినప్పుడు బయటికి రాదు.

మా దగ్గర ప్రవేశ రుసుము 500, ఏడాది చందా 600, సంక్షేమ నిధికి 300. అంటే మొదటి ఏడాది 1,400, తర్వాత ఏటా 900. డబ్బు సంఘం ఖాతాకే పంపాలి. కోశాధికారి సొంత నంబరుకు ఫోన్‌లో వేస్తే పుస్తకంలో ఎక్కకపోయినా అడగడానికి మన దగ్గర ఆధారం ఉండదు. రసీదు మీద నంబరు, ఏ ఏడాది చందా అన్నది రాయించుకోండి.

దరఖాస్తుకు ఆధార్ నకలు, రెండు ఫొటోలు, ఐటీఐ పత్రం గానీ వైర్‌మ్యాన్ పర్మిట్ గానీ, ఇద్దరు పాత సభ్యుల సంతకాలు అడిగారు. ఫారంలో నామినీ గడి దగ్గర తొందరపడొద్దు. మన పేర్లతో వచ్చే చిక్కంతా అక్కడే ఉంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో పొడి అక్షరమే ఉంటుంది. భార్య పేరు ఒకచోట పుట్టింటి ఇంటిపేరుతో, ఇంకోచోట అత్తింటి ఇంటిపేరుతో ఉంటుంది. ప్రమాద బీమా సొమ్ము ఆగిపోయే కారణాల్లో ఇదొకటి. నామినీ ఆధార్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాసి, బ్యాంకు ఖాతాలో పేరు కూడా దానికి సరిపోయేలా ముందే మార్పించండి.

సంఘం కార్డు ఏది కాదో కూడా చెప్పాలి. అది పర్మిట్ కాదు, లైసెన్సూ కాదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం వైరింగు పని లైసెన్సున్న కాంట్రాక్టరు ద్వారా, యోగ్యతా పత్రం ఉన్న సూపర్‌వైజరు పర్యవేక్షణలో, పర్మిట్ ఉన్నవాళ్లు చేయాలి. ఆ పత్రాలిచ్చేది రాష్ట్ర ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు. పర్మిట్ లేనివాడి మెడలో మూడు సంఘాల కార్డులున్నా, ప్రమాదం జరిగి విచారణకొస్తే అవి ఎందుకూ పనికిరావు. ఈ విషయంలో సంఘం చేయగలిగిన మేలు ఒకటుంది. కొత్త కుర్రాళ్లను లైసెన్సున్న కాంట్రాక్టర్ల దగ్గర పెట్టించి, చేసిన పనికి అనుభవ పత్రం ఇప్పించడం. చేయని పనికి పత్రం ఇప్పిస్తామనే సంఘం జోలికి పోకండి.

ఇంకో జాగ్రత్త. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చేవాటిని 'సభ్యులకు మాత్రమే' అని చెప్పి డబ్బు తీసుకునేవాళ్లున్నారు. అసంఘటిత కార్మికులకిచ్చే ఈ-శ్రమ్ కార్డు ఉచితం. చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. పీఎం విశ్వకర్మ పేరు చెప్పి ఎలక్ట్రీషియన్ల దగ్గర దరఖాస్తు ఖర్చులంటూ వసూలు చేస్తే అసలే కట్టొద్దు. చేతివృత్తులవాళ్ల కోసం 2023 సెప్టెంబరులో మొదలైన ఆ పథకంలో ఉన్నవి 18 వృత్తులు. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, తాపీ పని, మంగలి, దర్జీ వంటివి ఉన్నాయి గానీ ఎలక్ట్రీషియను, ప్లంబరు ఆ జాబితాలో లేరు. సంక్షేమ బోర్డు కార్డు మాత్రం మనకు వస్తుంది. షరతు ఏమిటంటే, వయసు 18 నుంచి 60 మధ్య ఉండాలి, దరఖాస్తుకు ముందు 12 నెలల్లో కనీసం 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండాలి. 1996 నాటి చట్టం ప్రకారం చందా బకాయిపడి ఏడాది దాటితే లబ్ధిదారుడి హోదా పోయేది. చాలామంది కార్డు చేయించుకుని బీరువాలో పెట్టి, రెన్యువలు మరిచిపోతారు. మా సంఘం ఏటా మార్చిలో సభ్యులందరి కార్డుల గడువులు రిజిస్టరులో చూసి ఫోన్ చేస్తుంది. చిన్న పనే, కానీ 900 రూపాయల చందాలో సగం దానికే చెల్లిపోయిందని నా ఉద్దేశం.

ఇక పాయింట్ల కాగితం. సంఘం వల్ల చేతికి డబ్బు మిగిలేది ఎక్కువగా ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

వైరింగు కూలి మన దగ్గర పాయింటుకు ఇంత అని మాట్లాడుకుంటారు. రేటు మీద అరగంట బేరం ఆడతారు గానీ పాయింటు అంటే ఏమిటన్నది ఇద్దరూ మాట్లాడుకోరు. గొడవ చివర్లో, లెక్క కట్టేటప్పుడు వస్తుంది. 'బోర్డులో ఉన్న ప్లగ్గుకు కూడా డబ్బులేంటండీ, బోర్డు ఎలాగూ పెడుతున్నారుగా' అంటారు ఇంటావిడ. ఆవిడ తప్పేం లేదు, ముందు చెప్పనిది మనం. మా సంఘం కాగితంలో ఇలా ఉంది: లైటు, ఫ్యాను, కాలింగ్ బెల్లు ఒక్కోటి ఒక పాయింటు. స్విచ్ బోర్డులోనే వచ్చే 6 ఆంపియర్ల ప్లగ్గు అర పాయింటు. అదే ప్లగ్గు గోడకు వేరేచోట విడిగా పెడితే ఒక పాయింటు. గీజరు లాంటివాటికి 16 ఆంపియర్ల ప్లగ్గు రెండు పాయింట్లు. మెట్ల దగ్గర కింద ఒక స్విచ్చు, పైన ఒక స్విచ్చుతో వెలిగే లైటు రెండు పాయింట్లు. ఏసీకి డీబీ (ఇంట్లో బ్రేకర్లుండే పెట్టె) నుంచి నేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగాలి కాబట్టి దానికి విడి రేటు. ఇన్వర్టరు లైను, డీబీ బిగింపు, ఎర్తింగ్ గుంట, ఇవేవీ పాయింట్లలో కలవవు. గాడి కొట్టడం మన పని, గాడి పూడ్చి పూత వేయడం తాపీ మేస్త్రీ పని.

ఒక హాలు తీసుకోండి. నాలుగు లైట్లు, రెండు ఫ్యాన్లు, బోర్డుల్లో రెండు ప్లగ్గులు, టీవీ దగ్గర విడిగా రెండు ప్లగ్గులు. కాగితం ప్రకారం 4, 2, 1, 2 కలిపి 9 పాయింట్లు. కాగితం లేకపోతే ఇంటాయన లైట్లూ ఫ్యాన్లూ లెక్కపెట్టి 6 అంటాడు. ఒక్క హాలులోనే మూడు పాయింట్లు పోయాయి. రెండు పడకగదులు, వంటిల్లు, వసారా కలిపితే పోయేది చిన్న మొత్తం కాదు. ఆ కాగితం అచ్చులో, సంఘం పేరుతో ఉండటం వల్ల ఇంకో లాభం ఉంది. అది మన సొంత మాట అనిపించదు, ఊళ్లో అందరూ పాటించే పద్ధతి అని ఇంటాయన నమ్ముతాడు. పని ఒప్పుకునే రోజే ఆ కాగితం వెనక తేదీ వేసి, రేటు రాసి, ఇద్దరం సంతకం చేసి, ఫొటో తీసి ఆయనకు వాట్సాప్‌లో పంపుతాను.

డబ్బు విడతలు కూడా అందులోనే ఉన్నాయి. స్లాబులో పైపులు వేశాక 20 శాతం, గోడల్లో పైపులూ పెట్టెలూ అయ్యాక 30, వైరు లాగాక 30, స్విచ్చులూ ఫిట్టింగులూ బిగించాక చివరి 20. ఆగిపోయేది ఎప్పుడూ ఆ చివరి 20 శాతమే. కారణం కూడా ఒకటే. వైరు లాగిన తర్వాత రంగుల పని వస్తుంది, ఇంటాయన దగ్గర డబ్బు అయిపోతుంది, రంగులు మూడు నాలుగు నెలలు ఆగుతాయి. ఈలోపు మనం వేరే సైటుకు పోతాం, ఆయన ఫిట్టింగులు ఇంకొకరితో బిగించుకుంటాడు. అందుకని కాగితంలో ఒక వాక్యం చేర్చాం: వైరు లాగిన 60 రోజుల్లో ఫిట్టింగుల పని చూపించకపోతే అప్పటిదాకా చేసిన పనికి లెక్క తేల్చి చెల్లించాలి.

రేటు విషయంలో మాత్రం సంఘాలు ఒక తప్పు చేస్తున్నాయి. పాయింటు అంటే ఏమిటో రాయడం వేరు, 'పాయింటుకు ఇంతకు తక్కువ ఎవరూ చేయకూడదు, చేస్తే జరిమానా' అని తీర్మానించడం వేరు. సొంతంగా కాంట్రాక్టులు తీసుకునేవాళ్లంతా కలిసి ధర బిగించుకోవడం 2002 నాటి కాంపిటీషన్ చట్టం మూడో సెక్షను కిందికి వస్తుంది. వృత్తి సంఘాల మీద కూడా ఆ చట్టం కింద చర్యలు జరిగాయి. మందుల దుకాణాల సంఘాల మీద వచ్చిన ఉత్తర్వులు చూస్తే అర్థమవుతుంది. కాబట్టి కాగితం మీద 'సూచన రేట్లు' అనే ఉండాలి, జరిమానా మాట ఉండకూడదు. మా దగ్గర మొదట్లో జరిమానా ఉండేది. సమావేశంలో మేం కొందరం గట్టిగా మాట్లాడాక తీసేశారు.

బకాయిల వసూలు ఎలా జరుగుతుందో చెబుతాను. సభ్యుడు తెల్ల కాగితం మీద అర్జీ పెట్టాలి. దానికి ఒప్పుకున్న కాగితం నకలు, అందిన డబ్బుకు ఫోన్ చెల్లింపుల వివరం, పని ఫొటోలు జతచేయాలి. కమిటీ నుంచి ఇద్దరు వచ్చి, ఇంటాయన ముందే గది గదికీ తిరిగి పాయింట్లు లెక్కపెడతారు. పాయింటుకు 300 చొప్పున చేసిన ఒక పనిలో నాకు 18,000 ఆగింది. లెక్కపెడితే నేను రాసుకున్నదానికంటే ఐదు పాయింట్లు తగ్గాయి. పడకగదుల్లో బోర్డు ప్లగ్గులను విడి ప్లగ్గులుగా రాశాను. 1,500 తీసేసి 16,500కు ఒప్పుకున్నారు, రెండు విడతల్లో వచ్చింది. నా లెక్క తప్పని మావాళ్లే చెప్పడం వల్లే ఇంటాయన మిగతాది నమ్మాడు. సభ్యుడి వైపే మాట్లాడే కమిటీకి ఊళ్లో విలువ ఉండదు, వసూలూ కాదు.

ఈ పద్ధతికి వెన్నుదన్నుగా ఒక కట్టుబాటు ఉంటుంది. ఒకరు సగం చేసిన సైటులోకి ఇంకో సభ్యుడు దిగేముందు పాతవాడికి ఫోన్ చేసి బాకీ ఉందేమో అడగాలి. ఫోన్ చేసి అడగడం మర్యాద, మంచిదే. కానీ కొన్నిచోట్ల దీన్ని 'పాతవాడు సరేనంటే తప్ప ఎవరూ పని పట్టకూడదు' అనే దాకా లాగుతారు. పైపుల్లో వైర్లు కుక్కేసి, న్యూట్రల్, ఎర్త్ కలిపేసి పోయినవాణ్ని మార్చుకునే హక్కు ఇంటాయనకు ఉంది. ఆ ఇంట్లో పిల్లలు తిరుగుతారు. అలాంటి సైటును కట్టడి చేసే సంఘంలో నేను ఉండను. మా దగ్గర పాతవాడికి వారం గడువిస్తారు. ఆలోగా అర్జీ పెట్టకపోతే కొత్తవాడు దిగొచ్చు.

అపార్టుమెంట్లు కట్టే బిల్డర్ల దగ్గర ఈ పెద్దమనుషుల మాట పనిచేయదు. అక్కడ వర్క్ ఆర్డరు, బిల్లు, కొలతల మీద సైటు ఇంజినీరు సంతకం ఇవే కాపాడతాయి. బాకీ మీద దావా వేయడానికి మామూలుగా మూడేళ్లే గడువు. పని మొదలుపెట్టకముందే ఉద్యమ్ నంబరు తీసుకుని ఉంటే సూక్ష్మ సంస్థగా బకాయి ఫిర్యాదు చేసుకునే దారి కూడా తెరిచి ఉంటుంది. డబ్బు ఆగాక తీసుకుంటే పాత బాకీకి అది పనికొచ్చేది అనుమానమే.

పరికరాల సంగతి. ఎర్త్ టెస్టరు ఒక్క మనిషి కొనేంత చవక కాదు, రోజూ వాడేదీ కాదు. సంఘానికి ఒకటుంటే ఇరవై మందికి సరిపోతుంది. మా దగ్గర వెయ్యి రూపాయలు డిపాజిట్, రోజుకు 50 అద్దె, రిజిస్టరులో సంతకం. తీసుకునేటప్పుడు బ్యాటరీలు, మూడు రంగుల వైర్లు, రెండు మేకులు ఉన్నాయో లేదో అక్కడే చూసుకోవాలి. మేకు పోగొట్టినవాడు చెప్పకుండా తిరిగిస్తే మర్నాడు తీసుకెళ్లినవాడు సైటులో ఇబ్బందిపడతాడు. కొలిచేముందు ఎర్త్ తీగను ఇంటి వైరింగు నుంచి విప్పాలి. ఎర్తింగ్ గుంట నుంచి ఒక మేకు 20 మీటర్ల దూరంలో, రెండోది మధ్యలో 12 మీటర్ల దగ్గర దిగ్గొట్టి చూడాలి. తర్వాత మధ్య మేకును రెండు మీటర్లు ముందుకూ వెనక్కూ జరిపి మళ్లీ చూడాలి. మూడుసార్లూ ఇంచుమించు ఒకటే వస్తే ఆ అంకె నమ్మొచ్చు. ఇళ్లకు 5 ఓములలోపు వచ్చేలా చూస్తాం. వానాకాలంలో 3 చూపించిన గుంట మే నెలలో రెట్టింపు దాటొచ్చు, నేల ఎండిపోతుంది కాబట్టి. అందుకే వేసవిలో టెస్టరు కోసం వరుస ఉంటుంది.

వైరు ఇన్సులేషన్ కొలిచే మెగ్గరు కూడా అంతే. 500 వోల్టుల దగ్గర లైవ్‌కూ ఎర్త్‌కూ మధ్య కనీసం 1 మెగాఓము రావాలి. మెయిన్ రెండు పోల్సూ ఆపకుండా, ఎల్‌ఈడీ దీపాలూ సర్జ్ ప్రొటెక్టరూ తీయకుండా కొలిస్తే తప్పుడు అంకె రావడమే కాదు, దీపాల్లోని డ్రైవర్ సర్క్యూట్లు పోతాయి. ఇది సంఘం హాలులో ఒక సాయంత్రం పాత బోర్డు పెట్టి నేర్పించారు. అలాంటి సాయంత్రాలు ఏడాదిలో నాలుగున్నా చాలు.

సామూహిక ప్రమాద బీమా విషయంలో అందరూ ప్రీమియం ఎంత అనే అడుగుతారు. నేను పాలసీ నకలు అడిగాను. అందులో సభ్యుల వృత్తి ఏమని రాశారన్నది ముఖ్యం. ప్రీమియం తగ్గించడానికి 'దుకాణదారులు' అని రాయించిన పాలసీలో, స్తంభం మీద నుంచి పడ్డ మనిషికి సొమ్ము అడిగితే బీమా సంస్థ అడ్డుపడుతుంది. ప్రమాదం జరిగితే ఎఫ్ఐఆర్, పంచనామా, మరణమైతే పోస్టుమార్టం నివేదిక కావాలి. పోస్టుమార్టం లేకుండా ఊరికి తీసుకెళ్లిపోతే తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు. ఆ దుఃఖంలో ఇంటివాళ్లకు ఇది తోచదు, పక్కనుండి చెప్పాల్సింది సంఘంవాళ్లే. సంఘం పాలసీ ఉన్నా లేకపోయినా బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలు పోయే ప్రధానమంత్రి సురక్షా బీమా పెట్టుకోండి. 18 నుంచి 70 ఏళ్లవాళ్లకు, ప్రమాద మరణానికి 2 లక్షలు. జూన్ ఒకటి నుంచి కొత్త ఏడాది మొదలవుతుంది కాబట్టి మే నెలాఖరున ఖాతాలో డబ్బు లేకపోతే బీమా పోతుంది.

వైర్ల కంపెనీలు హోటల్లో పెట్టే సమావేశాలకు సంఘం ద్వారానే పిలుపులు వస్తాయి. భోజనం, సంచి, వైరు చుట్ట పెట్టెలో కూపను. వెళ్తాను, ఎందుకంటే నకిలీ చుట్టను ఎలా పట్టుకోవాలో అక్కడే బాగా చూపిస్తారు. ఐఎస్‌ఐ గుర్తు పైన ఐఎస్ 694, కింద లైసెన్సు నంబరు, దాన్ని బీఐఎస్ యాప్‌లో కొట్టి చూడటం, 90 మీటర్ల చుట్టను తూకం వేసి పోల్చడం. కానీ ఇంటాయనకు ఏ వైరు చెప్పాలన్నది కూపను నిర్ణయించకూడదు. ఒక కంపెనీ డబ్బుతోనే ఏడాది పొడుగునా నడిచే సంఘం సభ్యుల చేత ఆ సరుకే కొనిపిస్తుంది. జమాఖర్చుల కాగితం చూడమన్నది ఇందుకు కూడా.

మేస్త్రీ కింద రోజుకూలికి చేసే కుర్రాడు నన్ను అడిగితే, ముందు పర్మిట్, తర్వాత సంక్షేమ బోర్డు కార్డు, 20 రూపాయల బీమా చూసుకోమంటాను. అతనికి పాయింట్ల లెక్కతో ఇంకా పని లేదు. సొంతంగా ఇళ్లు ఒప్పుకోవడం మొదలుపెట్టిన ఏడాది చేరితే సరిపోతుంది. పెద్ద బిల్డర్ల దగ్గరే చేసే లైసెన్సు కాంట్రాక్టరుకు పట్టణ సంఘం కంటే కాంట్రాక్టర్ల సంఘం మేలు. టెండర్లు, జీఎస్టీ, బిల్లుల మాటలు అక్కడ దొరుకుతాయి. ఏడాదికి పది పదిహేను ఇళ్లు సొంతంగా చేసేవాడికి మాత్రం మంచి సంఘం దొరికితే 900 ఎక్కువ కాదు.

చేరకముందు ఒక నెలవారీ సమావేశానికి ఊరికే వెళ్లి వెనక కూర్చోండి. మా దగ్గర ప్రతి నెలా రెండో ఆదివారం పొద్దున జరుగుతుంది, ఎవరైనా రావచ్చు. పోయిన నెల అర్జీలు ఎన్ని వచ్చాయి, ఎన్ని తేలాయి అన్నది పుస్తకం తెరిచి చదువుతారా, చదవరా అన్నది చూడండి. చదివితే ఆ రోజే ఫారం తీసుకోవచ్చు.